మయోనైజ్ తిన్న విశ్వాసం

డిసెంబరు వచ్చిందంటే అమెరికా టీవీలో ధర్మప్రబోధాలు మొదలవుతాయి. సూటు వేసుకున్న మాజీ ఆటగాడొకడు స్టూడియోలో కూర్చుని, కనుబొమలు ముడేసి, గొంతు తగ్గించి, కాలేజీల్లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే కుర్రాళ్లు చెడిపోయారని బెంగపడతాడు. పూర్వం వట్టి స్కాలర్‌షిప్‌తో సరిపెట్టాం, సరే; ఇప్పుడు లక్షల డాలర్లు పుచ్చుకుంటూ కూడా సీజన్ చివర్లో జరిగే ప్రదర్శన మ్యాచ్, అదే బౌల్ గేమ్, ఎగ్గొడతారా, ఉప్పు తిన్న విశ్వాసం ఉండక్కర్లేదా అన్న ధోరణిలో సాగుతుంది ఉపన్యాసం. పక్కనున్నవాళ్లు తలలూపుతారు. డాలస్ శివార్లలో పకోడీల ప్లేటు ఒళ్లో పెట్టుకుని చూస్తున్న మన తెలుగు అన్నయ్యలూ తలలూపుతారు. "డబ్బు తీసుకున్నాక ఆడాలి కదండీ!"

ఆడాల్సిందే. అందులో రెండో మాట లేదు. కాకపోతే ఆ కుర్రాడు ఏ యజ్ఞానికి డుమ్మా కొడుతున్నాడో కాస్త దగ్గర్నుంచి చూస్తే, ఆ పాపం ఎంత పెద్దదో మనకీ తెలుస్తుంది.

12 మ్యాచ్‌ల సీజన్ అయ్యాక మెరికల్లాంటి 12 జట్లు ప్లేఆఫ్‌కి వెళ్తాయి. అక్కడ కప్పు ఉంది కాబట్టి అక్కడికి రానన్నవాడు దాదాపు ఉండడు. గొడవంతా మిగతా 30కి పైగా బౌల్స్ గురించి. వీటికి అర్హత ఆరు గెలుపులు. అంటే సగం ఓడిపోయినా ఫర్వాలేదు. అలాంటి జట్లు కూడా సరిపోకపోతే, ఏడు మ్యాచ్‌లు ఓడిన వాటిలో చదువులో మెరుగ్గా ఉన్నవాటిని పిలుస్తారు. ఆటలో తప్పినవాణ్ణి మార్కులు చూసి మళ్లీ ఆటకే పిలిచే ఉదారత ఇంకెక్కడా చూడం. 2025 డిసెంబరులో అలా పిలిస్తే చాలా జట్లు ఒకదాని వెనక ఒకటి 'మాకొద్దు బాబోయ్' అనేశాయి. అన్నట్టు, ఈ బౌల్స్‌లో పదికి పైగా స్పోర్ట్స్ టీవీ సంస్థ ఈఎస్‌పీఎన్ సొంతం. ధర్మప్రబోధం జరిగే స్టూడియో కూడా చాలాసార్లు వాళ్లదే. సరుకూ వాళ్లదే, సాక్ష్యమూ వాళ్లదే.

ఈ యజ్ఞవాటికల్లో నాకు అన్నిటికన్నా పవిత్రంగా తోచేది ఓర్లాండోలో జరిగే పాప్ టార్ట్స్ బౌల్. పాప్ టార్ట్ అంటే లోపల జామ్, పైన చక్కెర పూత ఉన్న పలకలాంటి తినుబండారం; స్కూలు బస్సు వచ్చే వేళకి కూడా నిద్ర లేవని పిల్లల కోసం టోస్టర్లో పడేసేది. 2023 డిసెంబరులో ఆ పేరుతో మొదటి మ్యాచ్ జరిగింది. కేన్సస్ స్టేట్ గెలిచింది. గెలిచాక మైదానంలో పెద్ద టోస్టర్ వెలిసింది. దాని మీద స్ట్రాబెర్రీ పాప్ టార్ట్ వేషం వేసుకున్న మనిషి ఒకడు, కలలు నిజంగానే నెరవేరతాయని రాసిన అట్ట పట్టుకుని నిలబడ్డాడు. పాట మోగుతూంటే చెయ్యి ఊపుతూ మెల్లగా ఆ టోస్టర్లోకి దిగిపోయాడు. ఆత్మార్పణ అన్నమాట. కింది నుంచి మనిషంత ఎత్తు అసలైన పాప్ టార్ట్, కళ్లూ నోరూ చెక్కుచెదరకుండా, జారి బయటికొచ్చింది. అంతవరకు మూడు గంటలు ఒకరినొకరు గుద్దుకున్న కుర్రాళ్లు ఆ నవ్వుతున్న మొహాన్ని చేతులతో పీక్కుని తిన్నారు. కోచ్ కూడా ప్రసాదం స్వీకరించాడు. మరుసటేడు ట్రోఫీకే టోస్టర్ బిగించారు, ఉత్తుత్తిది కాదు, నిజంగా కాల్చేది.

ఇంతటి మహత్కార్యం ముందు పెట్టుకుని "రెండు నెలల్లో ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ వాళ్లు నన్ను పరీక్ష చేస్తారు, ఇప్పుడు మోకాలు విరగ్గొట్టుకోలేను" అనడానికి నోరెలా వస్తుంది? 2024లో మయామి యూనివర్సిటీ జట్టులో బంతి విసిరి ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ క్యామ్ వార్డ్ అయితే ఇంకా అన్యాయం. ఇదే మ్యాచ్‌కి వచ్చాడు, మొదటి సగం ఆడాడు, కాలేజీ ఆటల పైస్థాయి అయిన డివిజన్ వన్‌లో కెరీర్ మొత్తానికి అత్యధిక టచ్‌డౌన్ పాస్‌ల రికార్డు కొట్టాడు, రెండో సగం గట్టున కూర్చున్నాడు. మయామి 42-41తో ఓడింది. నాలుగు నెలల తర్వాత డ్రాఫ్ట్‌లో, అంటే ఎన్ఎఫ్ఎల్ జట్లు కొత్త కుర్రాళ్లని వరసగా ఎంచుకునే చోట, మొట్టమొదటి పేరు అతనిదే. సగం కాల్చిన టోస్ట్‌ని ఎవరైనా క్షమిస్తారా? ఆ వారమంతా టీవీలో అతని శీలం గురించే చర్చ.

ఇది కాక షార్లట్‌లో డ్యూక్స్ మేయో బౌల్ ఉంది. అక్కడ గెలిచిన కోచ్ నెత్తిన మయోనైజ్ కుమ్మరిస్తారు. 2021లో సౌత్ కరోలినా కోచ్‌కి మయోనైజ్‌తో పాటు డబ్బా కూడా నెత్తికి తగిలింది. (తెలంగాణ ప్రభుత్వం 2024లో పచ్చిగుడ్డు మయోనైజ్‌ని తినడానికే పనికిరాదని ఏడాది పాటు నిషేధించింది. తలంటు సంగతి ఎవరూ ఆలోచించలేదు.) బాయిసీలో బంగాళాదుంపల బౌల్. అక్కడ ఫ్రెంచ్ ఫ్రైస్ కుమ్మరిస్తారు. ఎక్కడా కోచ్ ఎముకకి ప్రమాదం లేని పదార్థాలే ఎంచుకోవడం గమనించాలి.

కోచ్ అనగానే గుర్తొచ్చింది. బాధ్యత గురించి పాఠాలు వినాలంటే ఆ జాతి దగ్గరే వినాలి. బ్రయన్ కెల్లీ 2021లో నోటర్ డామ్ జట్టు 11 గెలిచి ప్లేఆఫ్ ఆశతో ఎదురుచూస్తూ ఉండగానే లూసియానా స్టేట్ యూనివర్సిటీకి (ఎల్ఎస్‌యూ) వెళ్లిపోయాడు. 2025 అక్టోబరులో ఎల్ఎస్‌యూ అతన్ని తీసేసింది. తీసేసినందుకు లెక్క 5 కోట్ల డాలర్లకు పైనే. ఆ ఖాళీలోకి లేన్ కిఫిన్ వచ్చాడు. ఎక్కణ్నుంచి? 11 మ్యాచ్‌లు గెలిచి ప్లేఆఫ్ గుమ్మంలో నిలబడ్డ ఓల్ మిస్, అంటే మిసిసిపీ యూనివర్సిటీ, నుంచి. ప్లేఆఫ్ అయ్యేదాకా నేనే నడిపిస్తానన్నాడు పాపం, ఓల్ మిస్ వాళ్లే దండం పెట్టి సాగనంపారు. ఏడాదికి సుమారు 1.3 కోట్ల డాలర్ల జీతం. దాని మీద, తను వదిలేసి వచ్చిన ఆ జట్టు ప్లేఆఫ్‌లో ఎంత ముందుకి వెళ్తే అంత బోనస్ కూడా కొత్త యూనివర్సిటీ ఇస్తుందని ఒప్పందం. ఓల్ మిస్ కుర్రాళ్లు సెమీఫైనల్ దాకా వెళ్లారు. ఆడింది వాళ్లు, మీటర్ తిరిగింది ఈయనకి. టెక్సస్ ఎ అండ్ ఎం అయితే 2023లో జింబో ఫిషర్‌కి సుమారు 7.5 కోట్ల డాలర్లు కోచింగ్ చెయ్యకుండా ఉండటానికి రాసిచ్చింది. ఇంతకన్నా ఖరీదైన ఎగ్గొట్టుడు కాలేజీ ఆటల చరిత్రలో ఉందా? దాన్ని మాత్రం బయౌట్ అంటారు, గౌరవంగా. ఒకడు చేస్తే సంసారం, ఇంకొకడు చేస్తే వ్యభిచారం.

యూనివర్సిటీలు మాత్రం తక్కువ తిన్నాయా? 2025లో ప్లేఆఫ్‌లో చోటు దక్కలేదని నోటర్ డామ్ జట్టుకి జట్టే అలిగి, ఏ బౌల్‌కీ రామని చెప్పేసింది. 2023లో 13కి 13 గెలిచిన ఫ్లోరిడా స్టేట్‌ని ప్లేఆఫ్‌లోకి రానివ్వకుండా ఆరెంజ్ బౌల్‌కి తోలారు. రెండు డజన్లకు పైగా ఆటగాళ్లు లేకుండా వెళ్లి జార్జియా చేతిలో 63-3తో చితికిపోయారు. దానికీ తప్పు పట్టింది రాని కుర్రాళ్లనే.

ఇదంతా డాలస్ అన్నయ్యతో అన్నాను. హైదరాబాద్‌లో ఆయన ఉద్యోగం మారినప్పుడు నోటీస్ పీరియడ్ మూడు నెలలు. రాజీనామా మెయిల్ కొట్టిన మర్నాటి నుంచి ఆయన ఒక్క టికెట్ కూడా ముట్టుకోలేదని ఆయనే పార్టీల్లో గొప్పగా చెబుతాడు. నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ పేరిట కాఫీలు తాగి, ఆఖరి రోజు కేక్ కోయించుకుని వచ్చాడు. "మరి మీరు జీతం తీసుకోలేదా అన్నయ్యా?" అన్నాను. "అది వేరు రా" అన్నాడు, ఇంకో పకోడీ తీసుకుంటూ. నిజమే, వేరే. నోటీస్ పీరియడ్‌లో పని చేస్తే ఆయన మోకాలి లిగమెంట్ తెగదు.

2022 జనవరి 1. ఆ పొద్దున ఈఎస్‌పీఎన్‌లో వ్యాఖ్యాత కర్క్ హెర్బ్‌స్ట్రీట్, ఈ తరం కుర్రాళ్లకి ఫుట్‌బాల్ మీద ప్రేమే లేదన్నట్టు మాట్లాడాడు. అందర్నీ అనలేదని తర్వాత సర్దుకున్నాడు లెండి. అదే రోజు రాత్రి న్యూ ఓర్లీన్స్‌లో షుగర్ బౌల్. ఓల్ మిస్ క్వార్టర్‌బ్యాక్ మ్యాట్ కోరల్. డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లోనే ఎంపికవుతాడని చాలామంది అనుకున్న కుర్రాడు. మానేయొచ్చు. మానలేదు, జట్టుని వదిలి ఎలా వెళ్తానన్నాడు. మొదటి క్వార్టర్‌లోనే కుడి చీలమండ పోయింది. లోపలికి తీసుకెళ్లారు. చంకల్లో కర్రలు పెట్టుకుని మళ్లీ గట్టుమీదికొచ్చి నిలబడ్డాడు. ఏప్రిల్‌లో 94వ పేరుగా పిలిచారు. ఆ రాత్రి అతని కోచ్ ఎవరనుకున్నారు? లేన్ కిఫిన్.

అంతకు ఆరేళ్ల ముందు, అదే జనవరి 1న, నోటర్ డామ్ ఆటగాడు జేలన్ స్మిత్. 20 ఏళ్లు. మొదటి ఐదుగురిలో ఉంటాడని లెక్కలు. ఫియస్టా బౌల్‌లో మోకాల్లో రెండు లిగమెంట్లు తెగాయి, నరం దెబ్బతింది, పాదం పైకి లేవలేదు. 34వ స్థానానికి పడ్డాడు, ఏడాదంతా ఆటకి దూరం. పోయింది కోటి డాలర్లకు పైనే. అప్పటికి ఈ డబ్బు ఇవ్వడాలు కూడా లేవు, ఉత్త స్కాలర్‌షిప్. అతని కోచ్ బ్రయన్ కెల్లీ. ఆ మోకాలికి ఏ స్పాన్సర్ బాకీ తీర్చాడు? విశ్వాసం, ప్రేమ అని గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లలో ఎంతమంది ఆ ఇంటికి ఫోన్ చేశారు? ఎద్దు పుండు కాకికి ముద్దా? ప్రేమ ఉన్నవాడి కాలు విరిగితే పాపం అంటారు, జాగ్రత్తపడ్డవాణ్ణి ద్రోహి అంటారు, రెండు సార్లూ మధ్యలో ప్రకటనలు మాత్రం వేసుకుంటారు. సిగ్గుండాలి!

సరే, శాంతిస్తాను. డబ్బిస్తే బాధ్యత ఉండాలనేవాళ్లకి తేలిక మార్గం ఒకటుంది. కాగితం మీద రాసుకోండి: బౌల్ ఆడితే ఇంత, దెబ్బ తగిలితే ఇంత, వైద్యం ఎన్నేళ్లు, ఎవరిది. జీతం, పని, షరతులు. సంతకం పెట్టాక ఎగ్గొడితే నేనూ మీతో కలిసి తిడతాను. కానీ అలా రాస్తే కుర్రాడు ఉద్యోగి అవుతాడు, వాళ్ల భయం అదే. 2024లో డార్ట్‌మత్ బాస్కెట్‌బాల్ కుర్రాళ్లు ఉద్యోగులేనని కార్మిక సంబంధాల బోర్డు ప్రాంతీయ అధికారి తేల్చి, వాళ్లు 13-2తో యూనియన్‌కి ఓటేస్తే, కాలేజీ ఒప్పుకోలేదు. ఉద్యోగులు కారని చట్టమే చేయమని కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ పెద్దలు వాషింగ్టన్ చుట్టూ తిరుగుతున్నారు. 2025 జులై నుంచి ఒక్కో యూనివర్సిటీ మొదటి ఏడాది 2.05 కోట్ల డాలర్ల దాకా నేరుగా ఆటగాళ్లకి పంచొచ్చని కోర్టు సెటిల్‌మెంట్ అయింది కదా, ఆ ఒప్పందాల్లో కూడా డబ్బు దేనికని రాస్తున్నారు? ఆడినందుకు కాదట. కుర్రాడి పేరు, ఫోటో, రూపురేఖలు వాడుకున్నందుకట.

అయితే గొడవేముంది? మీరు కొన్నది ఫోటో, ఫోటోనే దింపండి. క్వార్టర్‌బ్యాక్ నిలబడాల్సిన చోట 20 అడుగుల ఫ్లెక్సీ కట్టండి. మధ్యలో కుర్రాడు నల్ల కళ్లద్దాలతో నవ్వుతుంటాడు. పైన మూలన గుండ్రంగా కోచ్ ఫోటో, ప్రస్తుతం వేరే ఊళ్లో ఉన్నా సరే. ఆ పక్కన ఎన్‌సీఏఏ అధ్యక్షుడు, టోస్టర్ కంపెనీ మేనేజరు. కింద వరసలో శుభాకాంక్షలతో అంటూ దాతలు, మాజీ విద్యార్థులు, మా డాలస్ అన్నయ్య. గెలిస్తే చేయాల్సిన అభిషేకానికి పాలు వెతుక్కోనక్కర్లేదు, మయోనైజ్ డబ్బాలు సిద్ధంగానే ఉంటాయి. ఓడిపోతే ఆ ఫ్లెక్సీనే చింపుకోవచ్చు. మన ఊళ్లో అయితే అది కూడా చేసేవాళ్లం.