ఒక ఆచార్యుడి మీద ఫిర్యాదు

విద్వాంసుడన్నవాడు ఒకచోట బావి తవ్వుకుని, అందులోంచి కనిపించే గుండ్రటి ముక్కనే ఆకాశమని శిష్యులకు బోధించి, పదవీ విరమణ నాడు శాలువా కప్పించుకుని ఇంటికి వెళ్లడం విశ్వవిద్యాలయ మర్యాద. షికాగో విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రానికీ కంప్యూటర్ శాస్త్రానికీ కూడా ఆచార్యుడిగా పనిచేసిన జాన్ గోల్డ్‌స్మిత్ ఈ మర్యాదను బొత్తిగా పాటించలేదు.

ఆయన అపచారం చదువుకునే రోజుల్లోనే మొదలైంది. 1968లో అమెరికా భాషాశాస్త్ర దిగ్గజాలు చోమ్‌స్కీ, మోరిస్ హాలీ కలిసి ఇంగ్లీషు ధ్వనుల మీద ఉద్గ్రంథం వెలువరించి, మాటను పూసల దండలా ఒకే వరసలో కూర్చి చూపించారు. తరువాతి వాళ్లు ఆ దండకు దణ్ణం పెట్టి ఊరుకోవలసింది. ఈయన మాత్రం ఎమ్‌ఐటీలో ఆ హాలీ దగ్గరే శిష్యరికం చేసి, ఒక వరస చాలదనీ, గొంతు ఎత్తడం దించడం అచ్చులతో అంటకాగకుండా వేరే వరసలో నడుస్తుందనీ 1976లో సిద్ధాంత వ్యాసం సమర్పించారు. కొన్ని ఆఫ్రికా భాషల్లో అచ్చు లోపించినా దాని స్వరస్థాయి పోదు. ఇల్లు కూలితే అద్దెకున్నవాడు మూట సర్దుకుని పక్కింట్లో దిగినట్టు, పొరుగు అచ్చు మీదికి చేరుతుంది.

ఆ సిద్ధాంతం పేరు చెప్పుకుని జీవితాంతం సభలకు అధ్యక్షత వహించవచ్చు. అలా చేయక, అర్థం ఒక్క ముక్క తెలియని యంత్రానికి మాటల మూట అప్పగించి, మాటలో మూలభాగమైన ప్రకృతి ఎక్కడ ముగిసి, దానికి అతికే ప్రత్యయం ఎక్కడ మొదలవుతుందో నువ్వే తేల్చమన్నారు. 2001లో వ్యాసంగా వచ్చిన ఈ పద్ధతి పిసినారి పద్దులాంటిది: వ్యాకరణం రాయడానికి పట్టే చోటూ, దాని సాయంతో మాటలన్నిటినీ రాయడానికి పట్టే చోటూ కలిపితే ఎంత తక్కువైతే అంత మంచి వ్యాకరణం. అలాంటి యంత్రానికి మన 'కాను, కాడు, కారు' ఇస్తే 'కా' పక్కన ను, డు, రు పేర్చి మెప్పు పొందవచ్చు. అదే ఊపులో వాకిట్లో నిలిపిన కారును కూడా రెండు ముక్కలు చేయవచ్చు. మన పండితులు కనీసం వాహనాల జోలికి పోరు.

ఇవన్నీ క్షమించవచ్చు. క్షమించరానిది పూర్వీకులను తలచుకోవడం. తెలుగు ఉచ్చారణను కూడా పరిశీలించిన భాషాశాస్త్రవేత్త ఫర్త్, వరసలు వేరన్న మాటకు దగ్గరి ఆలోచనను లండన్‌లో 1948లోనే చెప్పారు. మాటల సరిహద్దులను ధ్వనుల లెక్కతో పట్టుకునే ఉపాయాన్ని 1955లో అమెరికా భాషాశాస్త్రవేత్త జెలిగ్ హారిస్ చూపారు. ఈ హారిస్ చోమ్‌స్కీకి స్వయానా గురువు. రెండేళ్లు తిరగకుండానే శిష్యుడు, మాటల నుంచి వ్యాకరణాన్ని రాబట్టే ఉపాయాన్ని సిద్ధాంతం నుంచి ఆశించడం అత్యాశని పుస్తకం రాశారు. గురువును మరవడమే పురోగతి అనుకునే రంగంలో గోల్డ్‌స్మిత్, బెర్నార్ లాక్స్‌తో కలిసి 2019లో ఏకంగా ఈ రంగపు తాతముత్తాతల చరిత్రే వెలువరించి, విప్లవమని చాటుకున్న ప్రతి తరమూ పాత ఇంట్లోనే కాపురమున్నదని బయటపెట్టారు.

ఆ మాట విన్నాక బీరువాలోంచి నా సిద్ధాంత వ్యాసం తీసి చూసుకున్నాను. మొదటి పుటలో 'ఇంతవరకు ఎవరూ స్పృశించని అంశం' అని ఉంది. నలభయ్యో పుటలో మా గురువుగారి పాఠం, ఆయన దగ్గు తప్ప, యథాతథంగా ఉంది. కనుకనే ఈ ఫిర్యాదు.