ఐ7 స్టిక్కర్ చూసి ల్యాప్‌టాప్ కొనకండి: వాట్సాప్ సలహాకు అంశాలవారీ జవాబు

ఇంజినీరింగ్ సీట్లు ఖాయమయ్యే రోజులు రాగానే ఒక సలహా గ్రూపు నుంచి గ్రూపుకు పాకుతుంది. దాని సారం ఇది: ‘ఐ7 ప్రాసెసర్ ఉంటే పదేళ్లు ఢోకా లేదు. మెటల్ బాడీ అయితే విరగదు. వీలైతే గేమింగ్ ల్యాప్‌టాప్ తీసుకోండి, అవి గట్టివి. ర్యామ్ 8 జీబీ చాలు, తర్వాత పెంచుకోవచ్చు. బ్యాటరీ పూర్తిగా అయిపోయాకే ఛార్జింగ్ పెట్టండి. సెకండ్ హ్యాండ్ జోలికి పోవద్దు. వారంటీ పొడిగింపు డబ్బు దండగ.’

అరవై, డెబ్బై వేలు అంటే చాలా ఇళ్లలో అప్పు చేసి తెచ్చే సొమ్ము. అంత డబ్బు ఈ నాలుగు ముక్కల మీద ఆధారపడి ఖర్చవుతోంది కాబట్టి ఒక్కో మాటనూ విడిగా చూడాలి.

‘ఐ7 ఉంటే పదేళ్లు ఢోకా లేదు’

ఐ3, ఐ5, ఐ7 అనేవి ఒకే తరంలో ఏది ఎక్కువ, ఏది తక్కువ అని మాత్రమే చెబుతాయి. తరం మారితే ఆ వరస తారుమారవుతుంది. 2016లో వచ్చిన ఐ7-7500యూలో ఉన్నవి రెండే కోర్లు (ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాలు). మరుసటి ఏడాది వచ్చిన ఐ5-8250యూలో నాలుగున్నాయి. 2022 నాటి ఐ3-1215యూ అయితే ఒక్కో కోర్ వేగంలో 2017 నాటి ఐ7-8550యూను దాటిపోతుంది.

వేగం సంగతి అటుంచినా, అసలు చిక్కు అప్‌డేట్ల దగ్గర వస్తుంది. ఒకటీ అరా మినహాయింపులు తప్పిస్తే, విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ అధికారికంగా ఒప్పుకునే ఇంటెల్ ప్రాసెసర్లు 8వ తరం నుంచే మొదలవుతాయి. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కాబట్టి ‘ఐ7’ అన్న మాట చూసి 7వ తరం మెషీన్ కొంటే, కొన్న రోజుకే దాని ఆయుష్షులో పెద్ద భాగం పోయినట్టే.

చూడాల్సింది పూర్తి మోడల్ నంబర్. ఐ5-1235యూలో మొదటి రెండంకెలు తరం: 12. 10వ తరం కంటే పాత నంబర్లలో మొదటి అంకె ఒక్కటే తరం: 8250 అంటే 8. చివర ‘యూ’ ఉంటే సుమారు 15 వాట్ల ప్రాసెసర్, ‘హెచ్’ ఉంటే 45 వాట్లది. కిలోన్నర లోపు బరువుండే, ఒకే ఫ్యాన్ ఉన్న పలుచటి మెషీన్‌లో ‘హెచ్’ రకం పెడితే ఆ వేడి బయటికి పోయే దారి సరిపోదు. కొన్ని నిమిషాల్లో ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మీరు డబ్బు పెట్టిన వేగం మీకు అందదు, వేడి మాత్రం మిగులుతుంది. ఏఎండీ రైజెన్ 7000 వరసలో మూడో అంకె చూడండి, లోపలి డిజైన్ ఎంత పాతదో అది చెబుతుంది. రైజెన్ 5 7520యూలో ఉన్నది 2019 నాటి జెన్ 2 డిజైన్, నాలుగు కోర్లు. 7530యూలో జెన్ 3, ఆరు కోర్లు. రెండింటి మీదా ‘రైజెన్ 5’ అనే ఉంటుంది.

కోడింగ్, బ్రౌజర్, ఆఫీస్ పనులకు కొత్త తరం ఐ5 లేదా ఆరు కోర్ల రైజెన్ 5 బాగా సరిపోతుంది. ఐ7కి పెట్టే అదనపు సొమ్ము ర్యామ్ మీద పెడితే ఎక్కువ కాలం పనికొస్తుంది.

‘మెటల్ బాడీ విరగదు’

ల్యాప్‌టాప్‌లో విరిగేది చాలాసార్లు బాడీ కాదు, హింజ్ (మూత తిరిగే మడతబందు) పట్టుకున్న చోటు. ఆన్‌లైన్ పేజీలో ‘మెటల్ బాడీ’ అని రాసినవాటిలో చాలావాటికి పై మూత ఒక్కటే అల్యూమినియం. కింది భాగమంతా ప్లాస్టిక్. పైన పటారం, లోన లొటారం అన్న మాట ఇక్కడ అచ్చంగా సరిపోతుంది. హింజ్ స్క్రూలు దిగేది ప్లాస్టిక్ దిమ్మెల్లో ఇమిడ్చిన చిన్న ఇత్తడి మరల్లోకి. రెండు మూడేళ్లకు హింజ్ బిగుసుకుంటే, మూత తెరిచిన ప్రతిసారీ ఆ బలమంతా దిమ్మెల మీద పడుతుంది. ఒకరోజు ఇత్తడి మరలు ప్లాస్టిక్‌ను చీల్చుకుని ఊడొస్తాయి. మూల దగ్గర బాడీ నోరు తెరుస్తుంది. జిగురుతో అతికించినా నిలిచేది కొన్నాళ్లే.

అందుకని షాపులో రెండు పనులు చేయండి. మూత నెమ్మదిగా తెరుస్తూ మూలల దగ్గర ప్లాస్టిక్ వంగుతోందా, కిర్రుమంటోందా చూడండి. తర్వాత ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్ దింపుకుని హింజ్‌లు దేనికి బిగించారో చూడండి. లెనోవో థింక్‌ప్యాడ్‌లు, డెల్ లాటిట్యూడ్‌లు, హెచ్‌పీ ఎలైట్‌బుక్‌లకు ఈ మాన్యువల్ కంపెనీ సైట్లోనే ఉచితంగా దొరుకుతుంది. కొన్నాక మూతను ఎప్పుడూ మధ్యలో పట్టి తెరవాలి, ఒక మూల పట్టి కాదు.

అదే మాన్యువల్లో కీబోర్డ్ పేజీ కూడా చూడండి. కొన్నిటికి కీబోర్డ్ స్క్రూలతో విడిగా వస్తుంది. మరికొన్నిటికి ప్లాస్టిక్ మేకులను కరిగించి పై కవర్‌కే అతికించేస్తారు. అప్పుడు నాలుగు కీలు పోయినా కవర్ మొత్తం మార్చాలి.

‘మిలిటరీ గ్రేడ్’ అన్న ముద్ర గురించీ ఒక మాట. మిల్-ఎస్‌టీడీ-810 అనేది అమెరికా రక్షణశాఖ పరీక్షా పద్ధతుల ప్రమాణం. ల్యాప్‌టాప్‌లకు దాన్ని ధ్రువీకరించి సర్టిఫికెట్ ఇచ్చే ప్రభుత్వ సంస్థ లేదు. ఏ పరీక్షలు చేయాలో, ఎలా చేయాలో తయారీదారే ఎంచుకుంటాడు. ఆ ముద్ర ఉంటే కింద పడినా ఏమీ కాదని అర్థం కాదు.

మెటల్ బాడీ కొన్నవాళ్లు చాలామంది అడిగేది ఇంకొకటుంది: ఛార్జింగ్‌లో ఉండగా చేయి పెడితే జిల్లుమంటుంది ఎందుకని. మూడు పిన్నుల ప్లగ్‌ను రెండు పిన్నుల అడాప్టర్‌తో పెట్టడం వల్లో, ఇంటి సాకెట్‌కు ఎర్తింగ్ సరిగా లేకపోవడం వల్లో అది జరుగుతుంది. ఛార్జర్ ఫిల్టర్ నుంచి వచ్చే చిన్న లీకేజీ కరెంటుకు భూమిలోకి దారి దొరకదు, బాడీ మీద నిలుస్తుంది. ల్యాప్‌టాప్ మార్చాల్సిన పని లేదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించండి.

‘ర్యామ్ తర్వాత పెంచుకోవచ్చు’

ఒకప్పటి మాట ఇది. ఇప్పుడు పలుచటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్‌ను మదర్‌బోర్డుకే టంకం వేసి అతికిస్తున్నారు. వివరాల్లో ఎల్‌పీడీడీఆర్4ఎక్స్, ఎల్‌పీడీడీఆర్5 అని ముందు ‘ఎల్‌పీ’ కనిపిస్తే దాదాపు ఎప్పుడూ అతికించిందే అనుకోండి. పైన చెప్పిన రైజెన్ 7520యూ ఈ రకం ర్యామ్‌తోనే పనిచేస్తుంది కాబట్టి, ఆ చిప్ ఉన్న 8 జీబీ మెషీన్ ఎప్పటికీ 8 జీబీయే. బ్రౌజర్‌లో పదీ పదిహేను ట్యాబ్‌లు, ఒక ఆన్‌లైన్ క్లాసు, ఆండ్రాయిడ్ స్టూడియో కలిసి తెరిస్తే 8 జీబీ మొదటి ఏడాదే చాలదు.

‘ఎల్‌పీ’ లేకుండా డీడీఆర్4 లేదా డీడీఆర్5 అని ఉన్నా స్లాట్ల లెక్క కనుక్కోవాలి. కొన్నిటిలో 8 జీబీ అతికించి, పక్కన ఒక స్లాట్ ఖాళీగా ఇస్తారు. షాపులో డెమో మెషీన్ ఉంటే టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ నొక్కండి. ‘స్లాట్స్ యూజ్డ్’ పక్కన ఎన్నిటిలో ఎన్ని వాడారో, ‘ఫామ్ ఫ్యాక్టర్’ పక్కన సోడిమ్ (స్లాట్‌లో పెట్టే విడి స్టిక్) అనో ‘రో ఆఫ్ చిప్స్’ అనో ఉంటుంది. రెండోది కనిపిస్తే సాధారణంగా అతికించినదే. డీడీఆర్4 స్టిక్ డీడీఆర్5 స్లాట్‌లో పట్టదని కూడా గుర్తుంచుకోండి.

అతికించిన ర్యామ్ ఉన్నది కొనడం తప్పేమీ కాదు. కొంటే మొదటిరోజే 16 జీబీ ఉన్నది కొనండి.

‘గేమింగ్ ల్యాప్‌టాప్‌లు గట్టివి’

వాటిలో ఫ్యాన్లు పెద్దవి, వేడిని మోసే రాగి గొట్టాలు ఎక్కువ. అంతవరకు నిజమే. కానీ అవి బయటికి తోయాల్సిన వేడి కూడా అంతకంత ఎక్కువ. గ్రాఫిక్స్ చిప్ ఒక్కటే కొన్ని మోడళ్లలో వంద వాట్లు దాటుతుంది. బరువు రెండుంబావు కిలోల చుట్టుపక్కల, దానికి తోడు ఇటుకంత ఛార్జర్. రోజూ బస్సులో మోసుకెళ్లేవారికి ఈ బరువే మొదటి శత్రువు. వీపు సంచి నేలకు తగిలిన ప్రతిసారీ ఆ దెబ్బ పడేది హింజ్ మీదా, స్క్రీన్ మీదా.

మన దుమ్ముకు ఇవి ఏడాదికోసారి శుభ్రం చేయించక తప్పదు. ఫ్యాన్‌కూ, దాని ముందున్న సన్నటి రేకులకూ మధ్య నూగు పేరుకుని దళసరి పొరలా తయారవుతుంది. బయటి నుంచి ఊదితే అది కదలదు. కింది కవర్ విప్పి, ముందు బ్యాటరీ కనెక్టర్ తీసి, ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకుని ఊదాలి. పట్టుకోకుండా బ్లోయర్ పెడితే ఫ్యాన్ మితిమీరిన వేగంతో తిరిగి బేరింగులు పాడవుతాయి. ఇంకొక జాగ్రత్త: ఆసుస్ రోగ్ మోడళ్లలో చాలావాటికి ప్రాసెసర్ మీద వేడిని లాగే మామూలు పేస్ట్ బదులు లిక్విడ్ మెటల్ (ద్రవరూప లోహం) ఉంటుంది. అది కరెంటును ప్రసరింపజేస్తుంది. తెలియనివాళ్లు విప్పితే బొట్టు బోర్డు మీద పడి షార్ట్ అవుతుంది.

త్రీడీ డిజైన్, వీడియో ఎడిటింగ్, మెషీన్ లెర్నింగ్ పనులు నిజంగా ఉన్నవారికి గేమింగ్ ల్యాప్‌టాప్ సరైన ఎంపికే. గట్టిదని మాత్రం కొనవద్దు.

‘బ్యాటరీ సున్నాకు వచ్చాకే ఛార్జింగ్’

ఇది నికెల్ క్యాడ్మియం బ్యాటరీల నాటి నియమం. లిథియం అయాన్ బ్యాటరీకి సరిగ్గా హాని చేసే పని ఇదే. వీటిని అరిగించేవి మూడు: వేడి, ఎప్పుడూ వంద శాతం దగ్గర నిలిపి ఉంచడం, సున్నా దాకా దించడం. పూర్తిగా దించేసి సెలవులంతా బీరువాలో పెడితే సెల్ వోల్టేజీ మరీ పడిపోయి, రక్షణ సర్క్యూట్ మళ్లీ ఛార్జింగ్ ఎక్కనివ్వకపోవచ్చు. దాచిపెట్టాలంటే సగం ఛార్జితో దాచండి.

హాస్టల్లో, ఇంట్లో ఎక్కువసేపు ప్లగ్‌లోనే ఉంచేవారు ఛార్జింగ్ హద్దు పెట్టుకోవాలి. ఆసుస్‌లో మైఆసుస్ యాప్‌లో బ్యాటరీ కేర్ అని ఉంటుంది, 80 శాతం దగ్గర ఆపుతుంది. లెనోవో వాంటేజ్ యాప్‌లో దాన్ని కన్జర్వేషన్ మోడ్ అంటారు. హెచ్‌పీ బిజినెస్ మోడళ్లలో ఇది బయోస్‌లో (విండోస్ మొదలవక ముందే తెరిచే సెట్టింగుల్లో) ఉంటుంది. ఊరెళ్లే ముందురోజు తీసేస్తే వంద శాతం నిండుతుంది.

వేడి విషయంలో ఇంకా పట్టుదలగా ఉండాలి. తయారీదారులు సాధారణంగా చెప్పే హద్దు 35 డిగ్రీల గది వేడి. రామగుండంలో, రెంటచింతలలో మే నెల మధ్యాహ్నం ఫ్యాన్ కింద కూడా అది దాటుతుంది. ఆ గంటల్లో ఛార్జింగ్ పెట్టి బరువైన పనులు చేయించకండి. పరుపు మీద పెట్టి వాడకండి, కింద గాలి దూరే సందులన్నీ మూసుకుపోతాయి. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినా, కింది కవర్ బల్ల మీద ఊగినా బ్యాటరీ ఉబ్బిందన్నమాట. అప్పుడు ఛార్జింగ్ వెంటనే ఆపాలి, ఉబ్బును నొక్కకూడదు, గుచ్చకూడదు.

ఎంత అరిగిందో కొలవడం తేలిక. కమాండ్ ప్రాంప్ట్‌లో ‘పవర్‌సీఎఫ్‌జీ’ అని, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి ‘బ్యాటరీరిపోర్ట్’ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి. తయారయ్యే పేజీలో డిజైన్ కెపాసిటీ 50,000 అని, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ 41,000 అని ఉంటే మిగిలింది 82 శాతం.

‘సెకండ్ హ్యాండ్ జోలికి పోవద్దు’

ఈ మాటతోనే మాకు అన్నిటికంటే ఎక్కువ పేచీ. కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి వదిలేసిన బిజినెస్ ల్యాప్‌టాప్‌లు, అదే ధరకు దొరికే కొత్త చవక మోడల్ కంటే చాలాసార్లు ఎక్కువ కాలం నిలుస్తాయి. కారణం వాటి కట్టుబడి: స్క్రూలతో ఊడొచ్చే బ్యాటరీ, విడిగా మార్చగల కీబోర్డ్, మార్కెట్లో తేలిగ్గా దొరికే విడిభాగాలు. ఉదాహరణకు థింక్‌ప్యాడ్ టీ480లో ఎక్కువగా ఉండేది 8వ తరం ప్రాసెసర్, దానికి విండోస్ 11 అధికారికంగా పడుతుంది. ర్యామ్‌కు రెండు స్లాట్లు, లోపలొకటి బయటొకటి రెండు బ్యాటరీలు. దాని తర్వాతి టీ490లో కొంత ర్యామ్ అతికించి, ఒకే స్లాట్ ఇచ్చారు. టీ490ఎస్‌లో అదీ లేదు. పేర్లో ఒక్క అక్షరం ఇంత తేడా చేస్తుంది.

ప్రమాదాలు లేకపోలేదు, అవి సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో కొన్నా ఆన్‌లైన్లో కొన్నా ఒకటే. డబ్బిచ్చే ముందు బయోస్‌లోకి వెళ్లండి: థింక్‌ప్యాడ్‌కు ఎఫ్1, డెల్‌కు ఎఫ్2, హెచ్‌పీకి ఎఫ్10. పాస్‌వర్డ్ అడిగితే అక్కడే వదిలేయండి. తర్వాత విండోస్‌ను రీసెట్ చేయించి, మొదటి సెటప్‌లో ఫోన్ హాట్‌స్పాట్‌కు కలపండి. ఏదైనా కంపెనీ పేరు చూపించి ఆఫీసు ఖాతాతో లాగిన్ కమ్మంటే ఆ మెషీన్ ఇంకా పాత యజమాని అధీనంలోనే ఉంది. అమ్మేవాళ్లు ఇంటర్నెట్ లేకుండా సెటప్ చేసి చూపిస్తే ఇది బయటపడదు, అందుకే హాట్‌స్పాట్ తప్పనిసరి. తెల్లటి పేజీ తెరిచి స్క్రీన్ మీద మచ్చలు చూడండి. బ్యాటరీ రిపోర్ట్ తీయండి. సగానికి పడిపోయి ఉంటే కొత్త బ్యాటరీ ఖరీదు ధరలో తగ్గించమనండి. టీ480 కాలం నాటి థింక్‌ప్యాడ్‌లలో థండర్‌బోల్ట్ ఫర్మ్‌వేర్ (ఆ పోర్ట్‌ను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) లోపం వల్ల యూఎస్‌బీ-సీ పోర్ట్ సరిగా పనిచేయకుండా పోయేది. లెనోవో సవరణ విడుదల చేసింది, కొన్నరోజే వేయండి.

‘వారంటీ పొడిగింపు దండగ’

ఏళ్లు పెంచే పొడిగింపు అందరికీ అవసరం కాకపోవచ్చు. చాలా కంపెనీలు మూడేళ్ల వారంటీలో కూడా బ్యాటరీకి ఇచ్చేది ఏడాదే. కానీ రోజూ కాలేజీకి మోసే విద్యార్థికి ప్రమాద నష్టం కవర్ వేరే విషయం. కింద పడి స్క్రీన్ పగిలినా, నీళ్లు ఒలికి బోర్డు పోయినా మామూలు వారంటీ వర్తించదు, ఇది వర్తిస్తుంది. దుకాణం అంటగట్టే మూడో కంపెనీ ప్లాన్ కాకుండా, తయారీదారు సైట్లో మీ సీరియల్ నంబర్ మీద కొనండి. మొదటి కొన్ని రోజుల్లోనే కొనాలన్న గడువు కొందరు పెడతారు, దాన్ని ముందే చదవండి. అదే సైట్లో వారంటీ మొదలైన తేదీ కూడా చూడండి. అది బిల్లు తేదీ కంటే ముందుదైతే జీఎస్టీ బిల్లు స్కాన్ పంపి ఆ వారంలోనే దిద్దించుకోండి.