పూజగదికి దూరం, పొయ్యికి దగ్గర

శ్రావణమాసం దగ్గరపడిందంటే మా పాలకొల్లు వైపు మందుల షాపుల్లో ఒక బిళ్ళని అడిగేవాళ్లు ఎక్కువవుతారు. వరలక్ష్మీ వ్రతం నాటికి నెలసరి రాకుండా వెనక్కి జరిపే బిళ్ళ అది. హార్మోన్ మాత్ర, డాక్టరుని అడక్కుండా వాడకూడదు. అయినా అత్తగారే మనిషిని పంపి తెప్పిస్తుంది, ఎవరికీ మొహమాటం ఉండదు. అదే ఇంట్లో కాలేజీకెళ్లే పిల్ల పొత్తికడుపు మెలిపెట్టేస్తోందని ముడుచుకుని పడుకుంటే మాత్రం "నొప్పి బిళ్ళలు అలవాటు చేసుకోకు, రేపు పిల్లలు పుట్టరు" అంటారు.

నెలసరి నొప్పికి జీవనశైలి మార్చుకోండని ఈమధ్య అందరూ చెబుతున్నారు. నడవండి, బాగా నిద్రపోండి, టెన్షన్ తగ్గించుకోండి. చాలావరకు సరైన మాటలే. కాకపోతే ఇవన్నీ ఆ పిల్లకి చెబుతారు, ఇంటికి చెప్పరు. నా తగువంతా అక్కడే.

అసలు నొప్పి ఎందుకొస్తుంది? గర్భాశయం లోపలి పొర ఊడిపోయేటప్పుడు ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు విడుదలవుతాయి. వాటివల్ల గర్భాశయ కండరం గట్టిగా బిగుసుకుంటుంది, ఆ బిగువుకి రక్తం సరిగా అందక నొప్పి పుడుతుంది. ఈ రసాయనాలు ఎక్కువున్నవాళ్లకి నొప్పీ ఎక్కువే. వాంతులు, విరేచనాలు, నడుం పీకడం కూడా చాలావరకు వీటి పుణ్యమే. మామూలుగా రక్తస్రావానికి కాస్త ముందో, మొదలవగానేనో పట్టుకుని రెండు మూడు రోజుల్లో వదులుతుంది. కాబట్టి "మాకు రాలేదా, మేము ఓర్చుకోలేదా" అనే పెద్దవాళ్ల మాటకి అర్థం లేదు. అందరి ఒళ్లూ ఒకటి కాదు.

నా తొమ్మిదో తరగతిలో అమ్మ ఇనప మూకుట్లో రాళ్ళ ఉప్పు వేయించి, నాన్న పాత పంచె ముక్కలో మూటకట్టి కాపడం పెట్టేది. ముందు తన ముంజేతికి ఆనించి చూసుకుని, తర్వాత నా పొట్ట మీద. ఆ మూట చల్లారేలోపు రెండోది పొయ్యి మీద సిద్ధంగా ఉండేది. ఇప్పుడాలోచిస్తే కిటుకంతా ఆ రెండో మూటలోనే ఉందనిపిస్తుంది. పొట్టకి కట్టుకునే, సుమారు 39 డిగ్రీల వెచ్చటి పట్టీని గంటల తరబడి ఉంచి 2001లో ఒక అధ్యయనం చేశారు. అది ఐబుప్రొఫెన్ అనే నొప్పి బిళ్ళకి దీటుగా పనిచేసింది. అంటే అయిదు నిమిషాలు కాపడం పెట్టి లేచిపోతే పెద్ద ఫలితం ఉండదు. వేడినీళ్ల బ్యాగైనా అంతే. తువ్వాలు చుట్టి, ఒళ్లు కాలకుండా చూసుకుంటూ, చల్లారినప్పుడల్లా నీళ్లు మార్చాలి. నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషి తనకి తానే ఇదంతా చేసుకోలేదు. రెండో మూటకి రెండో మనిషి కావాలి.

వ్యాయామం సంగతి చూద్దాం. అధ్యయనాలని కలిపి పరిశీలించిన 2019 నాటి కొక్రేన్ సమీక్ష, వారానికి మూడుసార్లైనా 45 నుంచి 60 నిమిషాల వ్యాయామం చేస్తే నొప్పి తగ్గే అవకాశం ఉందంది. ఆధారాలు అంత గట్టివేమీ కావని కూడా ఆ సమీక్షే ఒప్పుకుంది. ఆ రెండు రోజులే కాక నెల పొడుగునా చెయ్యాలి. మా వైపు దానికి ఖర్చేం లేదు, ఊరూరా కాలవ గట్టుంది. కానీ సాయంత్రం పూట ఆడపిల్ల గట్టు మీద నడిస్తే "ఒక్కత్తివీ ఎక్కడికే ఆ తిరుగుడు" అని అడగని అరుగు లేదు. నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లేవాళ్లు వంచిన మెడ ఎత్తకుండా గంటలు కూర్చుంటారు. గంటకోసారి లేచి నాలుగడుగులు వేసినా వాళ్ల నడుముకి మేలే.

తిండి దగ్గర మాది విచిత్రమైన లెక్క. పెద్దమనిషైన రోజున నువ్వులూ బెల్లం దంచిన చిమ్మిలి తినిపించి ఊరంతా పంచుతాం. ఆ తర్వాత నువ్వులు వేడి, పెరుగు చలవ, పులుపు తగలకూడదు అని ఒక్కోటీ తీసేస్తాం. ఈ నిషేధాలకి ఆధారమేమీ లేదు. చిమ్మిలి నొప్పికి మందని నేననను. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇలాంటిచోట తిండి తగ్గించమనడం అన్యాయం. భోజనం చెయ్యగానే టీ తాగితే ఇనుము ఒంటికి సరిగా పట్టదు, ఆ టీని ఓ గంట ఆపితే చాలు. శొంఠి కాఫీకి మాత్రం నా ఓటు. మొదటి మూడు రోజులు శొంఠి పొడి వాడితే నొప్పి తగ్గిందని కొన్ని చిన్న అధ్యయనాలున్నాయి.

ఇక నొప్పి బిళ్ళ. మెఫెనమిక్ యాసిడ్, ఐబుప్రొఫెన్ ఆ ప్రోస్టాగ్లాండిన్ల తయారీనే అడ్డుకుంటాయి. అందుకే నొప్పి ముదిరాక కన్నా మొదలవుతున్నప్పుడే, ఏదైనా తిని వేసుకుంటే బాగా పనిచేస్తాయి. నెలకి రెండు రోజులు వేసుకున్నంత మాత్రాన పిల్లలు పుట్టకుండా పోరు. కడుపులో పుండు, కిడ్నీ సమస్య, ఆస్తమా ఉన్నవాళ్లు డాక్టరుని అడగాలి. మెఫెనమిక్ యాసిడ్ వల్ల అరుదుగా తీవ్రమైన అలర్జీ రావచ్చని 2023 నవంబర్‌లో మందుల భద్రతని గమనించే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ హెచ్చరించింది. ఒంటిమీద దద్దుర్లు, జ్వరం కనిపిస్తే ఆపేసి ఆసుపత్రికి వెళ్లాలి.

ఇవేవీ పనిచెయ్యని నొప్పి ఒకటుంది. ఏటేటా పెరిగేది, నెలసరి లేని రోజుల్లోనూ ఉండేది, కలయికప్పుడో మలవిసర్జనప్పుడో పొడిచేది. అది ఎండోమెట్రియోసిస్ కావచ్చు, అంటే గర్భాశయం లోపలి పొరలాంటిది గర్భాశయం బయట పెరిగే జబ్బు. పునరుత్పత్తి వయసులో ఉన్న ఆడవాళ్లలో సుమారు పదిమందిలో ఒకరికి ఉంటుంది. స్కానింగ్‌లో ఏమీ కనబడకపోయినా ఉండొచ్చు. "పెళ్లయితే అదే సర్దుకుంటుంది" అన్న మాటతో ఇక్కడ ఎన్నేళ్లు పోతున్నాయో.

పూర్వం మూడు రోజులు బయట కూర్చోబెట్టేవారు. ఆ అంటు నాకు సమ్మతం కాదు. కానీ ఆ పేరుతోనైనా కొందరికి నడుం వాల్చే వీలుండేది. ఇప్పుడు చాలా ఇళ్లల్లో ఆ వీలు పోయింది, అంటు మాత్రం మిగిలింది. దీపం పెట్టకూడదు, కానీ ఆరింటికల్లా క్యారేజీలు కట్టాలి.

ఊడ్పుల్లో ఇంకా కష్టం. ఎకరానికి ఇంతని ముఠా గుత్తకి ఒప్పుకుంటుంది. ఒకరు గట్టెక్కి కూర్చుంటే ఆ వంతు మిగతావాళ్లు నాటాలి. రోజంతా బురదలో వంగి చేసే పనిని వ్యాయామం అనుకోవడానికి లేదు. పైగా చాటు లేదని నీళ్లు కూడా తాగరు. పోయిన సార్వాకి మా ఊరి చేలో ఒకమ్మాయి నడుం పట్టుకుని నిలబడిపోయింది. ముఠాలో పెద్దావిడ తలెత్తకుండానే "నువ్వు వంగకే, కట్టలందించు" అంది. ఆ పూటంతా ఆ పిల్ల నారుకట్టలు అందిస్తూ నిలబడే ఉంది. మధ్యాహ్నం గట్టు మీద అన్నాలు తింటుంటే, కూలి ఎలా పంచుకుంటారని అడిగాను. పక్కనున్నామె క్యారేజీ మూత నాకుతూ నవ్వింది.

"సమానమేనండి. వచ్చే వారం నా వంతు కదండీ."