సవరణ: ట్యాంకు లోపలి గొట్టం గురించి

కావలిలో నా పాత డర్ట్ బైకు ట్యాంకులో ఉండి ఇంజనుకు పెట్రోలు పంపే పంపు పాడైనప్పుడు, మొత్తం యూనిట్ కొనకుండా లోపలి మోటారు ఒక్కటే మార్చుకుంటే ఖర్చు బాగా తగ్గుతుందని ఇదివరకు రాశాను. ఆ మాటలో మార్పు లేదు. అయితే ట్యాంకు లోపల మోటారుకు తగిలించే పొట్టి గొట్టానికి మామూలు పెట్రోల్ పైపు చాలునని రాయడం నా పొరపాటు. ఆ రకం పైపులో లోపలి పొర మాత్రమే పెట్రోలును తట్టుకునేలా తయారవుతుంది కాబట్టి, పూర్తిగా మునిగి ఉంటే పైపొర ఉబ్బి మెత్తబడుతుంది. నాది మూడు నెలలకే వేలితో నొక్కితే జిగురులా అంటుకుంది. మునిగి ఉండేందుకే చేసిన ఎస్.ఏ.ఈ. (వాహన ప్రమాణాల సంస్థ) 30ఆర్10 రకం పైపునే వాడండి. ఖరీదు ఎక్కువే, కానీ కావలసింది జానెడు కూడా కాదు. కొత్త మోటారు 12 వోల్టులదైనంత మాత్రాన సరిపోదు, మీ బండి మాన్యువల్ చెప్పిన పీడనాన్ని, అంటే చాలా ఇంజెక్షన్ (పెట్రోలును ఒత్తిడితో చిమ్మే) బండ్లలో సుమారు 3 బార్‌ను (బార్ పీడనపు కొలత), అది అందుకోగలగాలి.