శివారు దాకా పాలు

నీటిపారుదల శాఖలో ఏఈగా చేరి, డీఈగా దిగి, 32 ఏళ్ల ఉద్యోగంలో సగానికి పైగా కాలువ గట్ల మీదే గడిపి, ఎన్ని క్యూసెక్కులు వదిలితే ఏ లాకు దగ్గర ఎంత మట్టం లేస్తుందో గేజి చూడకుండానే చెప్పగలిగిన నేను, పదవీ విరమణ చేసిన నాలుగో ఏట గ్లాసెడు పాలను అదుపు చేయలేక వియ్యాలవారి ముందు తల దించుకున్న వైనం ఇది. మా ఆవిడ దీనిని ఇప్పటికే వీధి వీధంతా చెప్పింది. ఆమె కథనంలో కొన్ని సాంకేతికమైన పొరపాట్లు దొర్లినందువల్ల, రికార్డు సరిగా ఉండాలన్న పాత ఉద్యోగ బుద్ధి కొద్దీ నేనూ రాస్తున్నాను.

హైదరాబాదులో ఉంటున్న మా అబ్బాయి తనకొక కొత్త కాఫీ యంత్రం కొనుక్కుని, తన పాత నెస్ప్రెసో యంత్రాన్ని మాకు పంపించాడు. కుంకుమభరిణె అంత ఉండే అల్యూమినియం గుళికను దాని నోట్లో పెట్టి మూసి మీట నొక్కితే, అది గుళిక నెత్తిన మూడు చిల్లులు పొడిచి, వేడినీటిని ఒత్తిడితో లోపలికి తోస్తుంది. ఆ ఒత్తిడికి రెండోవైపున్న పల్చటి రేకు చిట్లి, కాఫీ సన్నటి ధారగా కప్పులోకి దిగుతుంది. పక్కన ఏనుగు తొండంలాగా వేలాడే గొట్టం ఆవిరి వదలడానికి. లాటే అనే పానీయానికి పాలను వేడి చేసి నురగ తెప్పించేది అదే.

యంత్రం వచ్చిన పెట్టె మీద 19 బార్లు అని రాసి ఉండడం చూసి నాకు ఒళ్లు పులకరించింది. ఒక బారు అంటే దాదాపు 10 మీటర్ల ఎత్తు నీటి బరువు. ఆ లెక్కన 190 మీటర్ల నీటిమట్టం మా వంటింటి గట్టు మీద, మిక్సీకీ ఇడ్లీ కుక్కరుకూ మధ్య కూర్చుని ఉందన్నమాట. అది పంపు సామర్థ్యమే తప్ప ఎస్ప్రెసో, అంటే చిన్న కప్పుడు చిక్కటి కాఫీ, తీయడానికి 9 బార్లు చాలునని అబ్బాయి ఫోనులో సర్దిచెప్పబోయాడు గాని, నేను వినిపించుకోలేదు. పైగా ఈ గుళికల పద్ధతికి 1976లో పేటెంటు సంపాదించిన ఎరిక్ ఫావ్ర్ అనే ఆయన స్విట్జర్లాండులో నెస్లే కంపెనీ ఇంజనీరట. సాటి ఇంజనీరు తయారు చేసినది నాకు లొంగకపోతుందా అనుకున్నాను.

యంత్రంతోబాటు అబ్బాయి పంపిన పది గుళికలూ వారం తిరక్కుండానే అయిపోయాయి. కొత్తవి తెప్పించే బాధ్యత నేను తీసుకున్నాను. చిన్న గుళికలో అయిదారు గ్రాముల పొడి మాత్రమే ఉంటుందనీ, ఇంకొక రకం గుళికలు ఇంతకు రెట్టింపు పెద్దవనీ గమనించి, ధరలో తేడా అంతగా లేదు కదా అని పెద్దవాటినే రెండు పెట్టెలు తెప్పించాను. వచ్చాక చూస్తే అవి పుట్టగొడుగు తలల్లాగా బోర్లించి ఉన్నాయి; మా యంత్రం నోట పట్టలేదు. విచారించగా అవి వెర్ట్యువో అనే జాతివనీ, వాటి యంత్రం గుళిక అంచు మీది గీతలను చదువుకుని, నిమిషానికి 7,000 చుట్ల దాకా గిరగిరా తిప్పి కాఫీ తీస్తుందనీ, మాది ఒరిజినల్ అనే జాతిదనీ తేలింది. రెండూ నెస్ప్రెసో కుటుంబమే కదా అన్నాను. ఇంటిపేరు ఒకటే అయినప్పుడు సంబంధం ఎలా కలుపుకుంటామండీ అంది మా ఆవిడ.

మా బావమరిది వాటిని పచ్చడిబండతో కొంచెం అదిమి చూద్దామన్నాడు. మా ఆవిడ అతన్ని వారించి, కత్తిపీట ముందు కూర్చుని ఒక్కొక్కదాని రేకూ చీల్చి, పొడినంతా గిన్నెలోకి దులిపి, మా పాత ఇత్తడి ఫిల్టరులో వేసింది. ఆ పొడి మరీ మెత్తన కావడంతో ఫిల్టరు చిల్లులు మూసుకుపోయి, రాత్రి పోసిన నీళ్లు తెల్లవారేసరికి పైన పోసినవి పోసినట్టే నిలబడి ఉన్నాయి. ఆ రోజు ఇంట్లో అందరం టీ తాగాము.

సరైన సైజువి తెప్పించుకున్నాక కూడా కష్టాలు తీరలేదు. పెట్టెల మీద అంకెలుంటాయి: ఒకదాని మీద 4, ఇంకొకదాని మీద 8, మరొకదాని మీద 12. మార్కులు ఎక్కువ వచ్చిన పిల్లవాణ్ణి పిలిచి మెచ్చుకున్నట్టు నేను 12 ఎంచుకున్నాను, బీపీ ఉన్న మా ఆవిడకు ప్రమాదం లేకుండా 4 తెప్పించాను. ఆ అంకె చెప్పేది వేపుడు ముదురుదనాన్నీ రుచి చిక్కదనాన్నీ గాని కెఫీన్‌ను కాదని తరవాత తెలిసింది. అయినా నా ఎంపిక పొరపాటుదే అయినా ఫలితం సరైనదే అయింది. ఎందుకంటే లేత వేపుడు కాఫీ ఏదైనా మా గేదె పాలలో పడితే గోదాట్లో పడిన చింతపండు రసంలా ఆనవాలు లేకుండా పోతుంది. పాలతో తాగేవారికి ముదురు వేపుడే గతి.

మరో పొరపాటు మాత్రం పూర్తిగా నాదే. యంత్రం మీద మీటలున్నాయి: 25 మిల్లీలీటర్లకు రిస్ట్రెట్టో, 40కి ఎస్ప్రెసో, 110కి లుంగో. గుళిక ఒకటే, ఖరీదు ఒకటే (ఆ ఒక్క గుళిక ఖరీదు మా ఊళ్లో అరలీటరు పాల ధరకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది), అటువంటప్పుడు 110 వచ్చే మీట వదిలి 40 వచ్చేది నొక్కేవాడు ఎవడు? నేను వరుసగా నాలుగు రోజులు లుంగో నొక్కి, ఆ చేదు నీళ్లను ఇటాలియన్ రుచిగా భావించి మింగాను. అయిదో రోజు మా ఆవిడ ఒక్క గుక్క తాగి, "ఇది రెండో డికాషనండీ, పనివాళ్లక్కూడా ఇవ్వం" అని తేల్చేసింది. చిక్కటి డికాషన్ దిగిపోయాక అదే పొడి మీద మళ్లీ నీళ్లు పోస్తే ఏం దిగుతుందో ఆమెకు 35 ఏళ్లుగా తెలుసు. అప్పటి నుంచీ 40 దగ్గరే ఆపుతున్నాము.

ఇక పాల సంగతి. అసలు గొడవంతా ఇక్కడే ఉంది. లాటేకు పాలను 60, 65 డిగ్రీల మధ్య ఆపేయాలనీ, 70 దాటితే వాటి తీపి తగ్గి, నురగ గరుకెక్కి, కాగిన వాసన వస్తుందనీ అబ్బాయి చెప్పాడు. "కాగిన వాసన రాకపోతే అవి కాచిన పాలెలా అవుతాయండీ?" అన్న మా ఆవిడ ప్రశ్నకు నేటి వరకూ నా దగ్గర సమాధానం లేదు. పచ్చిపాలను ఒక్క పొంగైనా రానివ్వకుండా మనిషికి ఇవ్వడం ఆమె దృష్టిలో అపచారం. ఆరోగ్యం రీత్యా చూసినా ఆమె మాటే నిజం. గేదెను ఇంటి ముందే పితికి పోసే ఊళ్లో ఆవిరితో ఒక నిమిషం గోరువెచ్చన చేసి ఊరుకుంటే కుదరదు. చివరికి రాజీ కుదిరింది: పొద్దున పాలు కాచి, చల్లార్చి, మీగడ తీసి, ఫ్రిజ్‌లో పెట్టి, సాయంత్రం ఆ చల్లటి పాలకు ఆవిరి పట్టాలి. ఒకసారి కాచి, చల్లబరిచి, మళ్లీ వేడి చేసే ఈ ఏర్పాటు ఆమెకు ఎంత వింతగా తోచిందంటే, మా ప్రాజెక్టులలో వేసిన రోడ్డునే తవ్వి మళ్లీ వేయడం గురించి నేను ఎప్పుడో చెప్పిన కబుర్లన్నీ నాకు తిరిగి అప్పజెప్పింది.

పాలు చల్లగా ఎందుకుండాలంటే, వేడెక్కేలోగా నురగకు వ్యవధి కావాలి. గొట్టం కొసను పాల పైపొరకు సరిగ్గా కిందుగా, మునిగీ మునగనట్టు ఉంచితే, కాగితం చింపుతున్నట్టు చిర్రుమనే చప్పుడుతో గాలి లోపలికి పోతుంది. కొద్ది క్షణాలయ్యాక కొసను కాస్త దించి, జగ్గును ఒక పక్కకు వంచితే, పాలు సుడి తిరుగుతూ పెద్ద బుడగలన్నిటినీ మింగేసి, తడి సున్నం పూసిన గోడలాగా నునుపు తేలతాయి. గేదె పాలలో వెన్న 6 నుంచి 8 శాతం దాకా ఉంటుంది గనుక రుచి చెప్పనక్కరలేదు. ప్రోటీను కూడా ఆవు పాలకంటే ఎక్కువ కావడంతో నురగ గట్టిగానే నిలబడుతుంది. కాని ఎంత తీసినా ఆ పాల మీద మీగడ మళ్లీ కడుతూనే ఉంటుంది. ఆవిరి కట్టేయగానే గొట్టంలో మిగిలిన ఆవిరి చల్లబడి నీరవుతుంది. ఆ ఖాళీ కొన్ని పాలను లోపలికి పీల్చుకుంటుంది. అందుకే పని అయిన వెంటనే తడిగుడ్డతో కొసను తుడిచి, ఒకసారి ఆవిరి వదిలి లోపలంతా కడిగేయాలని అబ్బాయి మూడుసార్లు చెప్పాడు. ఏటా వేసవిలో కాలువలు కట్టేయించి, క్లోజర్ పనులలో బోదెలన్నిటికీ దగ్గరుండి పూడిక తీయించిన నేను, వేలెడంత గొట్టంలో పూడిక సంగతి మరిచాను.

మే నెలలో కడియపులంక నుంచి మా వియ్యాలవారు గృహప్రవేశానికి పిలవడానికి వచ్చారు. వియ్యంకుడు గారికి అక్కడ నర్సరీ ఉంది. ఆయన, మా వియ్యపురాలు గారు, ఆవిడ అన్నగారు, ఆయన భార్య హాలులో వరుసగా కూర్చున్నారు. ఎండ మండిపోతోంది. హాలు మూల స్టాండు ఫ్యాను తల అటూ ఇటూ తిప్పుతూ నలుగురికీ వంతులవారీగా గాలి ఇస్తోంది. వంటింట్లో చేసి తెస్తే ఏం గొప్ప అని, యంత్రాన్ని తీసుకొచ్చి సరిగ్గా ఆ ఫ్యాను ముందున్న టేబులు మీద పెట్టాను. "ఏవండీ, ఫిల్టరు కాఫీ ఉంది కదండీ" అని మా ఆవిడ రెండుసార్లు నెమ్మదిగానూ, ఒకసారి కళ్లతోనూ చెప్పింది.

గొట్టం కొసను పాలలో ముంచి మీట తిప్పాను. చప్పుడు లేదు. ఇంకా తిప్పాను. గుర్రుమని లోపలెక్కడో మూలిగింది తప్ప ఆవిరి రాలేదు. షట్టరు లేవకపోతే కింద ఏం అడ్డుపడిందో వంగి చూడడం మా శాఖలో అలవాటు. ఆ అలవాటు కొద్దీ, ఆవిరి కట్టేయకుండానే, జగ్గును అంగుళం కిందికి దించి, కొస ఎక్కడుందో తొంగి చూశాను. నెల రోజుల మీగడ బిరడా సరిగ్గా అప్పుడే ఊడింది.

కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్టను 1852లో పూర్తి చేయించింది మొదలు ఈ డెల్టాలో మనమంతా నీళ్లను దిగువకే పారించుకున్నాము గాని, ఎవరమూ పైకి చిమ్మించుకోలేదు. జగ్గులోని పాలు గొడుగు విప్పినట్టు లేచాయి. లేచిన పాలను ఫ్యాను అందుకుంది. ముందు వియ్యంకుడు గారి తెల్లచొక్కాకు, తరవాత వియ్యపురాలి గారి కళ్లజోడుకు, ఆ తరవాత ఆవిడ అన్నగారి మీసాలకు, చివరకు గుమ్మం పక్కన కూర్చున్న ఆయన భార్యకు, ఆ ఫ్యాను తల తిప్పి తిప్పి, ఎవరికీ ఎక్కువా తక్కువా లేకుండా పంచింది. ఎగువ రైతు తీసుకున్నాక శివారు భూములకు నీరందలేదన్న ఫిర్యాదు రాని దాళ్వా (రెండో పంట) నా ఉద్యోగ జీవితంలో ఒక్కటీ లేదు. ఆ రోజు మాత్రం శివారుకు కూడా అందింది. గాలికి దారిలోనే చల్లారిపోవడం వల్ల ఎవరికీ చురుక్కుమనలేదన్నది ఒక్కటే ఊరట.

కాసేపు ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. తరవాత వియ్యంకుడు గారు కండువాతో మొహం తుడుచుకుని, "ఆయ్, పర్లేదండి బావగారూ, ఎండాకాలం కదండీ, చల్లగానే ఉందండీ" అన్నారు. మా ప్రాంతపు మర్యాద ఎంత గొప్పదో అంత భయంకరమైనది. ఆయన నాలుగు తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

మా ఆవిడ ఒక్క మాటైనా అనకుండా వచ్చి, యంత్రం ప్లగ్గు తీసేసి, గొట్టం చల్లారే దాకా ఆగి, తన గాజుకు తగిలించుకున్న పిన్నీసు తీసి, కొసనున్న చిల్లులను ఒక్కొక్కటే పొడిచింది. పసుపుపచ్చగా ఎండిన మీగడ పెంకులు సాసరులో పడ్డాయి. ఆ తరవాత ఆవిడే ప్లగ్గు పెట్టి, గుడ్డ అడ్డుపెట్టి ఆవిరిని ఒకసారి ఖాళీగా వదిలి, మిగిలిన పాలు జగ్గులో సగానికి మించకుండా పోసి, ఎడమ అరచేయి జగ్గు అడుగున ఆనించి మీట తిప్పింది. చిర్రుమంది, సుడి తిరిగింది, చేతికి ఇక పట్టుకోలేనంత వేడి తగలగానే కట్టేసింది. నేను అబ్బాయి చేత పంపించుకున్న థర్మామీటరు అప్పుడు సొరుగులో ఉంది. చూస్తే 62 ఉండేదని ఇప్పటికీ నా నమ్మకం.

నాలుగు కప్పులలోనూ 40 మిల్లీలీటర్ల చొప్పున 12 నంబరు కాఫీ తీసి, పైన పాలు పోసి, నేనే పళ్లెంలో పెట్టి అందించాను. అందరూ తాగారు. మా వియ్యపురాలు గారు ఖాళీ కప్పు కింద పెట్టి, కళ్లజోడు మరోసారి తుడుచుకుని, ఎంతో ఆప్యాయంగా, "పాలు అమృతంలా ఉన్నాయి అన్నయ్యగారూ. కాఫీ తరవాత ఇస్తారాండీ?" అని అడిగారు. రాత్రి ఈ అవమానం అబ్బాయికి చెప్పుకుంటే వాడు, లాటే అంటే ఇటాలియన్ భాషలో పాలు అనే అర్థమనీ, ఆ దేశంలో ఎవరైనా లాటే కావాలంటే గ్లాసెడు పాలే తెచ్చిపెడతారనీ, అత్తయ్యగారు అన్నది అక్షరాలా నిజమనీ చెప్పి నవ్వాడు.

వియ్యంకుడు గారు మాత్రం కాఫీ గురించి ఏమీ అనలేదు. ఆయన చూపంతా వాడేసిన గుళికలు పడే డబ్బా మీద ఉంది. ఒకటి తీసి, చిట్లిన రేకు పూర్తిగా ఊడబెరికి, రెండోవైపున్న మూడు చిల్లులను వేలితో తడిమి, లోపలి కాఫీ పిప్పిని వాసన చూశారు. "నీరు దిగడానికి చిల్లులు వాళ్లే పెట్టి ఇస్తున్నారండీ బావగారూ! బంతి విత్తనం పెట్టడానికి ఇంతకంటే ఏం కావాలండీ" అని, ఇంట్లో ఉన్న 26 గుళికలనూ సంచిలో వేయించుకున్నారు. వీధి గుమ్మం దాకా వెళ్లి కారెక్కబోతూ వెనక్కి తిరిగి, దసరాకు బంతి నారు పోయాలి గనుక వచ్చే నెలాఖరుకల్లా ఇంకో రెండు వందలు కావాలని, వీలైతే చిన్నవి కాకుండా ఆ పెద్ద రకానివి చూడమని చెప్పి వెళ్లారు.