షెడ్డు పెంచే ముందు పైకి చూడండి

రిపేరు షాపుల్లో స్థలం గురించి మీరు వేసిన వ్యాసంలో, అది చాలకపోతే పక్కన ఇంకో షెడ్డు వేసుకోమని రాశారు. ఖర్చు సంగతి ఎత్తలేదు! మా అనంతపురంలో బోరు మోటార్లు బాగుచేసే షాపులు చూడండి: కప్పు ఎంతో ఎత్తున ఉంటుంది, సామానంతా నేల మీదే. ర్యాకులు వేసి బరువైన స్టేటర్లు (మోటారులో తిరగని, తీగ చుట్టిన భాగాలు) కింద, ఇరుసు తిరిగే చోట వేసే, రోజూ వాడే బుష్‌లు, బేరింగులు చేతికందే వరసలో, అరుదుగా వాడేవి పైన పెట్టాలి. నీళ్లు లోపలికి పోకుండా ఆపే రబ్బరు సీళ్లు, ఓ-రింగులు మాత్రం పైన వద్దు. మా ఎండలకు రేకు కింద పొయ్యి మాదిరి ఉంటుంది, అవి గట్టిపడి పగులుతాయి. వాటిలో పాత స్టాకే ముందు వాడాలి. మోటారుకు తీగ చుట్టే వైండింగ్ బల్ల పక్కనే, బాగైన మోటారును నీళ్లలో నడిపి చూసే టెస్టింగ్ తొట్టి ఉంటే మోటార్లు మోసే పని తగ్గుతుంది. ఇక ఎవరూ తీసుకుపోని కాలిన మోటార్లు... రైతు రేపొస్తాడేమోనని షాపు ఓనర్లు ఏళ్ల తరబడి దాస్తారు. గడువు చెప్పి, రసీదు మీద రాసిస్తే సరి.