వేలు పడకపోతే మనిషి లేనట్టేనా?

టంగుటూరులో వయసంతా పొగాకు గ్రేడింగ్‌లో అరగదీసిన మా పెద్దమ్మ వేళ్లకి ఇంకా గీతలు యాడుంటాయయ్యా? పీఎఫ్ పెన్షన్‌కి ఏటా బతికే ఉన్నట్టు రుజువు చూపాలంట. ఆ కనీస పెన్షన్ 2014 నుంచీ అదే 1000 రూపాయలు, బీపీ, షుగర్ మాత్రలకే చాలదు. మిషను మీద వేలు పెడితే ఎర్ర లైటు. ‘చెయ్యి తుడుచుకుని పెట్టు మామ్మా’ అని గదమాయింపు ఒకటి! ముఖం చూపిస్తే సరిపోయే పద్ధతి పీఎఫ్ పెన్షన్‌కి 2022లోనే వచ్చింది, కౌంటర్‌లో అబ్బాయికి ఆ సంగతే తెలీదు. ఓటీపీ ఏమో బెంగుళూరులో కొడుకు ఫోనుకి పోద్ది, ఆయన మీటింగులో ఉంటాడు. (ఎప్పుడు లేడు గనక!) ఎదురుగా నిలబడి ‘నేనే నాయనా’ అంటున్న మనిషిని సోమవారం రమ్మన్నారు. మళ్లీ ఆటో డబ్బులు ఎవడిస్తాడు?